పేరు ఊడదీసిన మంచం

పరుపులత్తకు ఎవరైనా థాంక్స్ చెబితే ఒళ్ళు మండేది. చెప్పినవాళ్ళు బిక్కమొహం వేసుకుని నిలబడితే, "నాదైతే కదా నాకు చెప్పడానికి! నోరు మూసుకుని పట్టుకెళ్ళు, పనైపోయాక తెచ్చి పడెయ్యి" అని కసిరేది. ప్రార్థన మందిరానికి కొత్తగా వచ్చేవాళ్ళు, ఇదేం మనిషిరా బాబూ, సాయం చేస్తూ కూడా కరుస్తుంది అని జడుసుకునేవాళ్ళు. పాతవాళ్ళు ముసిముసిగా నవ్వుకుని ఊరుకునేవాళ్ళు.

ఆవిడ పని పరుపులు కుట్టడం. ఇంటి ముందు గదే దుకాణం. గోడకు ఆనించి దూది మూటలు, నేల మీద సగం కుట్టిన పరుపు, దాని మీద మఠం వేసుకుని ఆవిడ. చేతిలో జానెడు దబ్బనం, ఒళ్ళో పురికొస ఉండ. జుట్టులో దూది, కనుబొమల మీద దూది, ఆఖరికి టీ గ్లాసులో కూడా దూది. అందుకే ఎప్పుడూ ఖళ్ళు ఖళ్ళుమని దగ్గు. "లోపల నాకో దిండు తయారవుతోందిలే, పోయేనాటికి పనికొస్తుంది" అని తనమీద తనే జోకులేసుకునేది. మొగుడు నేర్పిన పని అది. మొగుడు పోయి ఏళ్ళు గడిచాయి, పని మిగిలింది. పిల్లల్లేరు. వీధిలో అందరికీ అత్తే. తనకంటే పెద్దవాళ్ళు కూడా అత్తా అనే పిలిచేవాళ్ళు.

ఆ థాంక్స్ గొడవకు ఒక కథ ఉంది. మొగుడు మంచాన పడ్డప్పుడు ఇంట్లో స్టవ్వు పాడైతే పక్కింటావిడ తన పాత స్టవ్వు ఇచ్చింది. ఇవ్వడం బాగానే ఇచ్చింది. ఇచ్చిన మర్నాటి నుంచి పొద్దున్నే గుమ్మంలోకొచ్చి, "ఎలా ఉంది మా స్టవ్వు? బాగా మండుతోందా?" అని అడగడం మొదలెట్టింది. అడిగిన ప్రతిసారీ ఈవిడ చేతులు కట్టుకుని "మీ దయండీ" అనాలి. అనగా అనగా ఆ స్టవ్వు మీద కాచిన నీళ్ళు కూడా గొంతు దిగడం మానేశాయి. మొగుడు పోయిన వారమే దాన్ని అద్దంలా తోమి తిరిగిచ్చేసింది. ఇవ్వడంలో కూడా ఇంత విషం ఉంటుందా అని ఆవిడ మనసు విరిగిపోయింది.

తర్వాత ఒక ఆదివారం పాస్టరుగారు ప్రసంగంలో, తొలినాటి విశ్వాసులు తమకున్నది తమదనుకోలేదని, అన్నీ ఉమ్మడిగా పెట్టుకుని ఎవరికేది కావాలో అది వాడుకునేవారని చెప్పారు. అందరూ తలలూపారు, ఆమెన్ అన్నారు, భోజనాల వేళైందని ఇళ్ళకు పోయారు. అత్త మాత్రం పోలేదు. వేదిక మెట్ల దగ్గర నిలబడింది.

"మీరు చెప్పింది నిజమేనా, ఊరికే చెప్పారా?"

"నిజమే అత్తా. కాకపోతే అది ఆ కాలంలో..." అని ఆయన నీళ్ళు నమిలారు. పాపం, మంచివాడే. ఎవరినీ ఒక మాట అనలేని మనిషి, ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ళవైపు ఒరిగిపోతాడు.

"అయితే ఆ వెనక గది నాకివ్వండి" అంది అత్త.

విరిగిన బెంచీలు పడేసే గది అది. అలా అది ఉమ్మడి గది అయింది. ఒకరు నిచ్చెన తెచ్చి పెట్టారు, ఒకరు డ్రిల్లు, ఒకరు కుట్టుమిషను. ఊయల వచ్చింది, చంకకర్రలు వచ్చాయి, పెద్ద వంటగిన్నెలు వచ్చాయి. వీధి చివర దర్జీ ఒక పెళ్ళికోటు కుట్టి ఇచ్చాడు. వీధిలో సగం మంది మగాళ్ళు ఆ కోటులోనే పెళ్ళి చేసుకున్నారు. వాళ్ళలో బక్కవాళ్ళున్నారు, బొద్దువాళ్ళున్నారు. ఫోటోల్లో మాత్రం అందరూ ఒకేలా ఇబ్బంది పడుతుంటారు.

గదికి తాళం లేదు. ఎవరు, ఎందుకు, ఎన్నాళ్ళు అనే ప్రశ్నలు లేవు. అత్త పెట్టిన నియమం ఒక్కటే. ఇచ్చేవాళ్ళు వస్తువు మీది తమ పేరును తమ చేత్తోనే చెరిపెయ్యాలి. గిన్నె అడుగున చెక్కించిన పేరైనా సరే, రంపం పిడి మీద రాసుకున్న పేరైనా సరే. గుమ్మం దగ్గర స్టూలు వేసి, చేతికి గరుకు కాగితం ఇచ్చి, ఆ పని అయ్యేదాకా ఆవిడ ఎదురుగా కూర్చునేది. వస్తువు తెచ్చేటప్పుడు హుషారుగా వచ్చినవాళ్ళు కూడా పేరు గీకేటప్పుడు కాసేపు ఆగిపోయేవాళ్ళు. అత్త తొందరపెట్టేది కాదు. "ఇప్పుడే కదా నువ్వు ఇస్తున్నది. ఇందాకటిదంతా మోసుకురావడమే" అనేది.

ఇక కాంట్రాక్టరుగారి సంగతి. ఆయన సంఘపెద్ద. పెద్ద పెద్ద ఇళ్ళు కట్టే మనిషి. మందిరంలో మైకు ఆయనదే, బెంచీలు ఆయనవే, ఫ్యాన్లు ఆయనవే. ఫ్యాను రెక్కల మీద వాళ్ళ తాతగారి పేరు రాయించాడు. తిరిగితే గానీ గాలి రాదు, ఆగితే గానీ పేరు కనపడదు! మండుటెండల్లో కూడా, ప్రార్థనకు ముందు కాసేపు ఫ్యాన్లు ఆపించేవాడని వెనక బెంచీల్లో గుసగుసలు పోయేవి. చెప్పొద్దూ, చెడ్డవాడేం కాదు. అడిగితే కాదనడు. అడిగినట్టు పది మందికీ తెలియాలి, అంతే.

వాళ్ళ నాన్న పోయాక ఆయన వాడిన మంచం ఉమ్మడి గదికి పంపాడు. ఆస్పత్రి మంచం, ఇనపది. పక్కనున్న పిడి తిప్పితే తలవైపు లేస్తుంది, కాళ్ళకు చక్రాలు. తలవైపు ఇత్తడి రేకు మీద తండ్రి పేరు. అత్త ఎప్పటిలాగే స్టూలు వేసి స్క్రూడ్రైవరు చేతికిచ్చింది.

"మా నాన్న పేరు నా చేత్తో తీసెయ్యమంటావా?" అన్నాడాయన.

"మీ నాన్నగారి పేరు పైవాడికి తెలుసు. దీనిమీద పడుకునే రోగికెందుకండీ?"

ఆయన స్క్రూడ్రైవరు స్టూలు మీద పడేసి చరచరా వెళ్ళిపోయాడు. అత్తకు ముక్కు మీద కోపం కదా! ఆగలేకపోయింది. తనే కూర్చుని స్క్రూలు విప్పేసి, రేకును దూదిలో చుట్టి వాళ్ళింటికి పంపేసింది. ఆయన ఏమీ అనలేదు. అనకుండా లోపల దాచుకున్నాడు.

ఆయన దగ్గర పనిచేసే తాపీ మేస్త్రీ ఒకడు ఇదే మందిరానికి వచ్చేవాడు, పెళ్ళాంతో. ఆమె ఇళ్ళకెళ్ళి బట్టలు ఇస్త్రీ చేసేది, నోరు తెరిస్తే నవ్వించేది. ఒక ఏడు కాంట్రాక్టరుగారు కడుతున్న మేడలో మెట్ల గోడ కూలింది. అదృష్టం, దానికింద ఎవరూ లేరు. అధికారులు వచ్చి అడిగితే మేస్త్రీ దాపరికం లేకుండా, "సిమెంటు తగ్గించి కలపమన్నారు, కలిపాను" అని చెప్పేశాడు. అక్కడి సూపర్‌వైజరు మాత్రం, వీడే తాగొచ్చి తప్పు కలిపాడని ప్రమాణం చేసి చెప్పాడు. చుక్క ముట్టని మనిషి మీద! కాంట్రాక్టరుగారికి ఆ పని పోయింది, మేస్త్రీకి ఏ పనీ లేకుండా పోయింది. తాగుబోతు మేస్త్రీని ఎవరు పెట్టుకుంటారు? అతను మందిరానికి రావడం మానేశాడు. ఆ మనుషుల పక్కన కూర్చుని పాటలు పాడలేనన్నాడు.

ఆ తర్వాత అతని పెళ్ళానికి జబ్బు చేసింది. గుండెలో నీరు చేరిందన్నారు. దిండు సరిచేసి ఇద్దామని అత్త వెళ్ళేసరికి ఆమె గోడకు చాపచుట్ట ఆనించుకుని, దానికి చేరగిలబడి కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరాడదు. కూర్చునే కునుకు తీయాలి, కునుకు పట్టగానే పక్కకు ఒరిగిపోయి ఉలిక్కిపడి లేవాలి. "కుర్చీలా తయారయ్యానత్తా, కాళ్ళొక్కటే తక్కువ" అంది ఆయాసపడుతూ. నవ్విద్దామనే అంది. అత్త దిండు పక్కన పడేసింది.

"తలవైపు ఎత్తుగా ఉంటే పడుకోగలవా?"

"డాక్టరూ అదే అన్నాడు."

అత్త అక్కణ్ణుంచి తిన్నగా మందిరానికి వెళ్ళింది. చూస్తే ఉమ్మడి గదికి తాళం! గదికి తాళమేమిటి? ఎవరికో ఏదో పిచ్చి పట్టిందనుకుంది. పాస్టరుగారిని అడిగితే ఆయన చూపులు నేలమీదకు దిగాయి. మేస్త్రీ పెళ్ళానికి బాగాలేదని, మంచం అడుగుతారని కాంట్రాక్టరుగారికి ముందే తెలిసి, తాళం ఆయనే వేయించాడట. ఆ ఇంటికి తప్ప ఏ ఇంటికైనా పంపండి, ఆ ఇంటికి మాత్రం వెళ్ళడానికి వీల్లేదు అన్నాడట.

"మీరేమన్నారు?"

"ప్రార్థన చేద్దామన్నానత్తా."

"చెయ్యండి. ఈలోపు ఆవిడ ఊపిరి ఆపుకుని కూర్చుంటుంది" అని అత్త విసురుగా వచ్చేసింది.

ఆదివారం వచ్చింది. పాటలయ్యాయి, ప్రసంగం కూడా అయింది. ఆఖరి ప్రార్థనకు అందరూ కళ్ళు మూసుకోబోతుంటే అత్త లేచి నిలబడింది. దగ్గు ఆపుకుని, మైకు అక్కర్లేని గొంతుతో, "కాంట్రాక్టరుగారూ, తాళంచెవి ఇవ్వండి" అంది.

ఆయన ముందు బెంచీలోంచి నెమ్మదిగా లేచాడు. ఇస్త్రీ నలగని చొక్కా, మొహంలో కోపం కూడా నలగలేదు. "నేనేం రాక్షసుణ్ణి కాదత్తా. అతన్ని వచ్చి, ఇక్కడ నిలబడి, అబద్ధం చెప్పానని ఒప్పుకోమను. మంచం నేనే మోసుకెళ్ళి వేస్తాను."

"అంటే ఆవిడ ఊపిరికి ఇదా వెల? మొగుడు సిగ్గు చంపుకుంటే పెళ్ళానికి గాలి వదుల్తారా?"

వెనక బెంచీల్లో కలకలం మొదలైంది. అప్పుడు ఆయన, ఇన్నాళ్ళూ దాచుకున్నది బయటికి తీశాడు.

"నీ నియమమే నీకు చెబుతాను, విను. ఇచ్చినవాడు తన చేత్తో పేరు తీస్తేనే ఇచ్చినట్టు. అవునా? మా నాన్న పేరు నేను తియ్యలేదు. నువ్వు తీశావు. నేను ఆ మంచం ఇవ్వనే లేదు. అది ఇంకా మాదే."

  ఆయన అన్నది నిజమేనని అత్తకు తెలుసు. ఆ రోజు ఒక్క గంట ఓపిక పట్టి ఉంటే, ఆయన వెంట ఇంటికెళ్ళి గుమ్మంలో కూర్చుని ఉంటే, ఇవాళ ఈ మాట అనేవాడు కాదు. తను పెట్టిన నియమాన్ని తనే తొక్కేసింది. ఇంతమంది దగ్గర గీకించి, ఆ ఒక్కడి దగ్గర తొందరపడింది. ఆవిడకు సిగ్గేసింది. చెవులు వేడెక్కిపోయాయి. కానీ సిగ్గుపడుతూ కూర్చుంటే అక్కడ చాపచుట్టకు ఆనుకున్న మనిషికి ఒరిగేదేముంది?

"నిజమే. మీరు ఇవ్వలేదు" అంది అత్త. "తప్పు నాది. ఆ మంచం మీదే."

కాంట్రాక్టరుగారు కూర్చోబోయాడు.

"కూర్చోకండి, ఇంకా అవ్వలేదు. మీదైన మంచాన్ని నేనిప్పుడు దొంగతనం చేస్తున్నాను. అందరూ వినండి. పట్టపగలు, దేవుడి ఇంట్లో, మీ అందరి కళ్ళెదుటా. పేరు కావాలంటే రాసుకోండి, పరుపులు కుట్టే ముసలిది అని. పోలీసుల్ని పిలుస్తారో, పైవాణ్ణే పిలుస్తారో మీ ఇష్టం. ఆవిడ దాని మీద పడుకున్నాక వచ్చి నన్ను పట్టుకెళ్ళండి, కాదనను."

గిర్రున తిరిగి వెనక గది వైపు నడిచింది. తాళం పట్టుకుని గుంజింది. గట్టి తాళం, వస్తుందా! రెండు చేతులతో గుంజింది. దగ్గు తెర ముంచుకొచ్చి తలుపుకు ఆనుకుపోయింది. అప్పుడు వడ్రంగి లేచాడు. ఏనాడూ సభలో నోరెత్తని మనిషి. దగ్గరికొచ్చి తాళం వైపు చూడనేలేదు. రెండోవైపు బందులు చూసి, "ఈ తలుపు తిరగేసి బిగించారు. స్క్రూలు బయటికే ఉన్నాయి" అన్నాడు. ఆ గది తలుపు మార్పించింది ఎవరనుకున్నారు? కాంట్రాక్టరుగారే! ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు బెంచీ నుంచి బెంచీకి పాకింది. వడ్రంగి బందులు ఊడదీసి, తలుపును తాళంతో సహా ఎత్తి గోడకు ఆనించాడు.

మంచం బయటికొచ్చింది. బెంచీల మధ్య దారి ఇరుకు, మంచం వెడల్పు. కాంట్రాక్టరుగారు దారిలోనే నిలబడ్డాడు, కదల్లేదు. అందరూ పాస్టరుగారి వైపు చూశారు. ఆయన మొహం పాలిపోయింది.  తర్వాత వేదిక దిగొచ్చి, మాట్లాడకుండా ముందు బెంచీని పక్కకు లాగడం మొదలెట్టారు. ఇంకొకరు రెండో బెంచీ లాగారు. కాంట్రాక్టరుగారి పక్కనుంచే మంచం వెళ్ళింది, ఆయన చొక్కాకు తగలకుండా.

ఆ మధ్యాహ్నం మేస్త్రీ పెళ్ళాం నడుం వాల్చింది. అత్త కొత్త దూదితో పరుపు కుట్టుకొచ్చి వేసింది, మేస్త్రీ పిడి తిప్పాడు. ఆమె కళ్ళు మూసుకుని, "హమ్మయ్య" అంది. కాసేపటికి ఒక కన్ను తెరిచి, "అత్తా, థాంక్స్" అంది కావాలనే. అత్త చెయ్యెత్తింది కొట్టడానికి. ముగ్గురూ నవ్వారు. ఆమె నవ్వుతూనే నిద్రపోయింది.

కాంట్రాక్టరుగారు పోలీసుల దగ్గరికి వెళ్ళలేదు. ఊపిరాడని ఆడదాని మంచం కోసం కేసు పెట్టాడంటారని జంకాడు. కుటుంబంతో వేరే సంఘానికి మారిపోయాడు. ఫ్యాన్లు విప్పించి పట్టుకుపోయాడు. ఆ ఎండాకాలం అందరూ చెమటలు కక్కారు. చేతికి దొరికిన కాగితంతో విసురుకుంటూ కొందరు అత్త వైపు గుర్రుగా చూశారు. ఆవిడ వల్లే సంఘం చీలిందన్నారు. పరుపులు కుట్టించుకునేవాళ్ళు తగ్గారు. అత్త లెక్కచెయ్యలేదనడం అబద్ధం. బాధపడింది. ఆ బాధంతా దూది మీద చూపించింది.

మేస్త్రీ పెళ్ళాం ఆ మంచం మీద వానాకాలం చూసింది, చలికాలం చూసింది. ఒక ఉదయం, కిటికీ తియ్యమని అడిగి, అతను తీసి వెనక్కి తిరిగేసరికి పోయింది. పడుకునే పోయింది, ప్రశాంతంగా. అంతకుముందులా గోడకు ఆనుకుని కాదు. అత్త దానికే దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

చలి ఇంకా పోకముందే సూపర్‌వైజరు పరంజా మీంచి పడ్డాడు. వెన్ను విరిగింది. కాంట్రాక్టరుగారు ఆస్పత్రిలో ఒకసారి పలకరించి ఊరుకున్నాడు. సూపర్‌వైజరు తల్లి వచ్చి పరుపులత్త గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు, అడగనూ లేదు. నేల మీద పడుకున్న కొడుకును కూర్చోబెట్టి గుక్కెడు నీళ్ళు పట్టడం తన వల్ల కావట్లేదని మాత్రం చెప్పి, ఏడుస్తూ వెళ్ళిపోయింది.

అత్త దబ్బనం పరుపుకు గుచ్చింది. లేచి మేస్త్రీ ఇంటికి వెళ్ళింది. అతను ఖాళీ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. విషయం చెప్పింది. అతని మొహం గట్టిపడిపోయింది.

"ఎవరికైనా ఇవ్వత్తా. వాడికి మాత్రం వద్దు."

"ఏమన్నావు?"

"విన్నావుగా. నన్ను తాగుబోతన్నాడు. పనులన్నీ పోయి, తిండి సరిగ్గా లేక ఇదిలా అయిపోయింది. ఇది పడుకున్న చోట వాడు పడుకుంటాడా? ఏ ఇంటికైనా పంపు. ఆ ఇంటికి వద్దు."

 ఈ మాటనే కదా అత్త ఆ రోజు మందిరంలో నిలబడి అడ్డుకుంది! ఆ కాంట్రాక్టరు మీద కోపం తెచ్చుకోవడం ఎంత తేలికో, ఈ పిల్లాడి మీద అంత కష్టం. ఒక్క క్షణం, పోనీలే, వాడికి ఇంకేదైనా చూద్దాం అనిపించింది కూడా. నోటిదాకా వచ్చిన ఆ మాటను మింగేసింది.

"ఒరేయ్, నీకోసం దొంగనయ్యాను. సగం వీధి నాతో మాట్లాడదు. నేను అదంతా నీ మంచితనం చూసి చేశాననుకున్నావా? దాని మొగుడు నువ్వు కాకుండా ఆ సూపర్‌వైజరు అయ్యుంటే, అప్పుడూ ఆ మంచం ఇలాగే తెచ్చేదాన్ని, ఇంతే గట్టిగా అరిచి తెచ్చేదాన్ని. విన్నావా? ఆ రోజు కాంట్రాక్టరుకు కాదన్నదాన్ని, ఇవాళ అదే మాటకు నీకు ఔనంటే నేను దొంగను కూడా కాదు, ఇంకా కిందిదాన్ని."

 అత్త మంచం మీది పరుపు చుట్టి అతని పక్కన పెట్టింది. "ఇది నీది. ఉంచుకో. వాడికి వేరేది కుడతాను" అంది. పిడి తిప్పి తలవైపు దించింది. గుమ్మం దాటించడానికి నానా తంటాలు పడింది. అతను లేవలేదు.

వీధిలోకి వచ్చాక చక్రాలు గతుకుల్లో ఇరుక్కున్నాయి. కొందరు కిటికీల్లోంచి చూశారు, ఎవరూ రాలేదు. ఎవరింటికో తెలిసిపోయినట్టుంది. అత్త నెట్టింది, ఆగింది, దగ్గింది, మళ్ళీ నెట్టింది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తిట్టుకుంది, ఎవర్నో తెలియకుండా. మిట్ట మొదలయ్యే చోట మంచం ఒక్కసారిగా తేలికైంది. తలెత్తి చూస్తే కాళ్ళవైపు పట్టుకుని మేస్త్రీ. మొహమంతా తడి, దవడలు బిగించి ఉన్నాడు.

"నాకు కోపం పోలేదత్తా. వాణ్ణి చూస్తే ఏం చేస్తానో నాకే తెలీదు."

"కోపం పోవాలని ఎవరన్నార్రా? ఉంచుకో. కాళ్ళవైపు మాత్రం గట్టిగా పట్టుకో, ముందు గుంట ఉంది."